కాంపౌండరు గారమ్మాయి చదువు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వదిన నైట్ డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. గురువారం నాకు బీపీ చూడటంలో చెక్‌ఆఫ్ ఉంది. ఇన్‌స్ట్రక్టర్ కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడి ఒక్కో మెట్టుకీ టిక్కు పెడుతుంది, ముఖ్యమైన మెట్టు ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే. ప్రాక్టీసుకి ఒక చెయ్యి కావాలంటే వచ్చింది వదిన.

సియాటెల్‌కి ఉత్తరాన బాతెల్‌లో ఉంటాం మేము. వాళ్లిల్లు పదిహేను నిమిషాల దూరం. నేను కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ అసిస్టింగ్ చదువుతున్నాను. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, ఇప్పుడు రెండో క్వార్టర్. వదిన హాస్పిటల్లో రిజిస్టర్డ్ నర్సు. నేను ఈ కోర్సులో చేరడం ఆవిడకి మొదట్నించీ మింగుడు పడలేదు. ఫోన్లో సగం సగం చెబుతూ వచ్చిందల్లా ఆ రోజు కూర్చుని మొత్తం చెప్పింది. నేనూ దాచుకోలేదు. ఈ దేశం వచ్చి ముప్ఫై దాటాక పుస్తకం పట్టాలనుకునే మన ఆడపిల్లల ఇళ్లల్లో ఇలాంటి వాదన ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంటుంది. అందుకే ఆ మాటల్ని ఇక్కడ పెడుతున్నాను.

వదిన: ఇంకెంతసేపు కూర్చోవాలమ్మా?

నేను: అయిదు నిమిషాలు. వీపు కుర్చీకి ఆనించు. కాలు మీద కాలు తీసెయ్. రెండు పాదాలూ నేల మీద పెట్టు. చెయ్యి టేబుల్ మీద, గుండె ఎత్తులో. ఇంక మాట్లాడకు.

వదిన: నాకే నేర్పుతున్నావా?

నేను: రాగానే నువ్వు మాట్లాడుతూ, కాలు మీద కాలేసుకుని, స్వెటర్ చెయ్యి పైకి లాక్కుని కూర్చున్నప్పుడు ఒకసారి చూశాగా. 146 మీద 90 వచ్చింది.

నవ్వి నోరు మూసుకుంది. స్వెటర్ విప్పేసింది. మోచేతి మడత మీద రెండు వేళ్లు పెట్టి నాడి వెతికాను, దానికి అంగుళం పైన కఫ్ చుట్టాను. నాడి ఆగిపోయిన చోటు నుంచి ఇంకో ముప్ఫై పైకి గాలి కొట్టి, మర చాలా నెమ్మదిగా వదలాలి. సూది సెకనుకి రెండు మూడు పాయింట్లకి మించి దిగకూడదు. కొత్తలో ఇదే చేతకాదు, సూది జారిపోతుంది. స్టెతస్కోపు చెవుల్లో ఉన్నప్పుడు బయటి చప్పుడంతా పోయి ఒక ఖాళీ గదిలో కూర్చున్నట్టుంటుంది. 132 దగ్గర, తలుపు అవతల ఎవరో వేలితో తట్టినట్టు, మొదటి చప్పుడు వినిపించింది. 84 దగ్గర ఆగిపోయింది.

నేను: 132 మీద 84. అదే చెయ్యి, అదే మిషను. పదిహేను నిమిషాల్లో పద్నాలుగు పాయింట్లు తగ్గింది.

వదిన: బాగా చూశావు. కానీ దీనికా రెండేళ్లు?

నేను: దీనికే వదినా. ఆ 146 మీద 90 అని రాసి పంపిస్తే డాక్టరు చూసేది ఆ అంకెనే. ఆయన గదిలో ఉండేది పది పన్నెండు నిమిషాలు, నేను ఎలా చూశానో ఆయన చూడడు. రెండు మూడు విజిట్లు వరుసగా ఇలాగే తప్పు అంకె పడితే ఆ మనిషికి అవసరం లేని మాత్ర మొదలవుతుంది.

వదిన: నేను ఆ పనిని తక్కువ చెయ్యట్లేదు. మెడికల్ అసిస్టెంట్లు ఒక్కరోజు రాకపోతే ఏ క్లినిక్కూ నడవదు. పేషెంట్‌ని గదిలోకి తీసుకెళ్లేది వాళ్లే, టీకా వేసేది, రక్తం తీసేది, ఈసీజీ పెట్టేది, ఇన్సూరెన్స్ వాళ్లతో ఫోన్లో గంటలు గంటలు నిలబడేది, అన్నీ వాళ్లే. నేననేది లెక్క. కార్మిక శాఖ వాళ్లు 2024 మే నెలకి చెప్పిన అంకెలు నీ ఫోన్లోనే చూడు. మెడికల్ అసిస్టెంట్లలో సరిగ్గా మధ్యనున్న మనిషికి ఏడాదికి 44,200 డాలర్లు. రిజిస్టర్డ్ నర్సుల్లో మధ్యనున్న మనిషికి 93,600. సగం కూడా లేదు. పోనీ నర్సు అవడానికి పదేళ్లు చదవాలా అంటే, నేను చదివిందీ అసోసియేట్ డిగ్రీయే. ఇలాంటి కమ్యూనిటీ కాలేజీలోనే, రెండేళ్లే.

నేను: రెండేళ్లే అంటావేంటి వదినా! ముందు చదివినవో? కెమిస్ట్రీ, అనాటమీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, ఇంగ్లీషు. అవన్నీ అయ్యాక కదా అప్లికేషను పెట్టావు. మొదటిసారి సీటు రాలేదు.

వదిన: సరే, మొత్తం నాలుగేళ్లు పట్టింది.

నేను: ఆ నాలుగేళ్లూ అన్నయ్య ఇంట్లోంచి పని చేసేవాడు. మా ఆయన పొద్దున ఏడుకి వెళ్తే సాయంత్రం ఏడుకి వస్తారు. పాపకి అయిదేళ్లు. ఆరున్నరకి హాస్పిటల్లో క్లినికల్స్ అంటే దాన్ని స్కూలు బస్సు ఎవరు ఎక్కిస్తారు? క్లినిక్కంటే ఎనిమిది నుంచి అయిదు. ఆదివారం ఇంట్లో ఉంటాను.

వదిన: పాపని నేను చూస్తాను.

నేను: రాత్రంతా డ్యూటీ చేసి, పగలు నిద్ర మానుకునా?

దీనికి ఆవిడ దగ్గర జవాబు లేదు. కానీ వదిన ఒక దారి మూసుకుంటే ఇంకో దారిలో వస్తుంది. అంత పట్టుదల లేకపోతే నలభై ఏళ్లకి నర్సింగ్ పరీక్ష పాసయ్యేదీ కాదు.

వదిన: పోనీ నర్సింగ్ వద్దు. అప్పుడు ఏడాది సర్టిఫికెట్ చాలుగా? ఉద్యోగానికి క్లినిక్కులు అడిగేది సర్టిఫైడ్ మెడికల్ అసిస్టెంటు పరీక్ష. 200 ప్రశ్నలు, నలభై నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. సర్టిఫికెట్ చేసినవాళ్లూ అదే రాస్తారు, డిగ్రీ చేసినవాళ్లూ అదే రాస్తారు. పాసయ్యాక క్లినిక్కులో ఇద్దరికీ ఒకే యూనిఫాం, ఇంచుమించు ఒకే జీతం. మరి ఆ రెండో ఏడాది ఎందుకు పోగొట్టుకుంటున్నావు? ఫెడరల్ సాయం మన వీసాకి రాదు. ప్రతి డాలరూ మీ ఆయన జీతంలోంచే కదా.

నన్ను రాత్రిళ్లు లేపి కూర్చోబెట్టే ప్రశ్న ఇదే. జీతాల ప్రశ్నకి జవాబు సులువు, దీనికి కాదు.

నేను: మొదట నేనూ సర్టిఫికెట్‌కే వెళ్లాను వదినా. ఒక ప్రైవేటు స్కూలు. ఒకసారి నంబరు ఇచ్చిన పాపానికి రోజుకి మూడుసార్లు ఫోను. తొమ్మిది నెలల్లో ఉద్యోగం అన్నారు. ఫీజు అడిగితే, ముందు వచ్చి క్యాంపస్ చూడండి అన్నారు. మీ కోర్సుకి గుర్తింపు సంస్థలు కాహెప్, ఏబీహెచ్‌ఈఎస్‌లలో దేనిదైనా గుర్తింపు ఉందా అని అడిగితే, దరఖాస్తు పెట్టాం, వస్తుంది అన్నారు.

వదిన: వెళ్లకపోవడం మంచిదయింది. కొరింథియన్ కాలేజీల సంగతి తెలుసుగా? ఎవరెస్ట్ పేరుతో ఊరూరా ఉండేవి. వాళ్ల పెద్ద కోర్సుల్లో మెడికల్ అసిస్టింగ్ ఒకటి. 2015లో ఒక్కసారిగా మూసేశారు. పిల్లలు నడిరోడ్డున పడ్డారు. చివరికి 2022లో ప్రభుత్వమే 5,60,000 మందికి 580 కోట్ల డాలర్ల అప్పు కొట్టేయాల్సి వచ్చింది. కానీ నేను చెప్పేది ప్రైవేటు గురించి కాదు. ప్రభుత్వ కాలేజీల్లోనూ సర్టిఫికెట్లున్నాయి. గుర్తింపూ ఉంటుంది.

నేను: ఉన్నాయి. కానీ నేను నాగార్జున యూనివర్సిటీలో చేసిన బీఎస్సీని ఇక్కడ కౌంటర్లో చూపిస్తే, ముందు ఎవాల్యుయేషన్‌కి పంపండి అన్నారు. పద్నాలుగేళ్ల కింద చదివిన కెమిస్ట్రీ పాతదయిపోయిందన్నారు. నా చేతిలో ఈ దేశపు కాగితం ఒక్కటీ లేదు. సర్టిఫికెట్ అయితే ఇంజెక్షనూ ఈసీజీ వస్తాయి. డిగ్రీలో దాంతోపాటు ఇంగ్లీషు కాంపొజిషన్, సైకాలజీ, లెక్కలు వస్తాయి. మొదటి క్వార్టర్‌లో నేను రాసిన ఆరు పేజీల వ్యాసాన్ని ఎర్ర సిరాతో నింపి ఇచ్చింది టీచరు. మూడుసార్లు తిరగరాశాను. ఆ తర్వాతే ఇక్కడి డాక్టరుకి నాలుగు వాక్యాల్లో మెసేజ్ రాయడం వచ్చింది. రేపు క్లినిక్కు సూపర్వైజరు పోస్టుకి డిగ్రీ ఉందా అని అడుగుతారు.

వదిన: అడుగుతారు. కానీ నీ డిగ్రీ పేరు సరిగ్గా చదివావా? అసోసియేట్ ఇన్ అప్లైడ్ సైన్స్. ఆ అప్లైడ్ అన్న మాటలో ఉంది మెలిక. అది ఉద్యోగానికని కట్టిన డిగ్రీ, దాని మీద ఇంకో అంతస్తు లేపడానికి కాదు. రేపు బ్యాచిలర్స్ చెయ్యాలనుకుంటే నీ ఇంగ్లీషూ సైకాలజీ తీసుకుంటారేమో. ఫ్లెబాటమీ, క్లినికల్ ప్రొసీజర్స్, మెడికల్ ఆఫీస్, ఇవన్నీ చాలాచోట్ల గుమ్మం దగ్గరే ఆపేస్తారు. రెండేళ్లలో ఒక ఏడాది అక్కడే పోతుంది.

ఆవిడ చెప్పింది నిజం. మా కాలేజీ అడ్వైజరు కూడా అడిగితేనే చెప్పింది, తనంతట తాను చెప్పలేదు. ఈ కోర్సులో చేరే ఎవరైనా మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఇది: ఏ క్రెడిట్లు ఎక్కడిదాకా వస్తాయి?

వదిన: నేను ఇంత పట్టుబడుతున్నది ఎందుకో నీకు తెలుసు. 2006లో వచ్చాను. హెచ్-4, భార్యల వీసా, పని చెయ్యకూడదు. మీ అన్నయ్య ఆఫీసుకి వెళ్తే కిటికీలోంచి పార్కింగ్ లాటు చూస్తూ కూర్చునేదాన్ని. ఎమ్మెస్సీ చదివినదాన్ని. గుడిలో కౌంటర్ దగ్గర కూర్చోవడానికి కూడా భయపడేదాన్ని, అది పని కిందికి వస్తుందేమోనని. 2015 మే 26 నుంచి మనలాంటి భార్యలకి వర్క్ పర్మిట్ ఇస్తామన్నారు. అప్పటికి తొమ్మిదేళ్లు పోయాయి. ఆ తొమ్మిదేళ్లకి బదులు తీర్చుకున్నట్టు చదివాను. నీకు చేతికందిన కాలాన్ని చిన్న చదువుకి ఇవ్వద్దంటున్నాను.

నేను: నువ్వు చెప్పిన కారణానికే నేను చిన్న చదువు పట్టుకున్నాను వదినా. నా వర్క్ పర్మిట్ కార్డు మీద తేదీ ఉంది. ఆ తేదీ లోపల రెన్యువల్ వస్తుందో రాదో నాకు తెలియదు. గ్రీన్‌కార్డు వరసలో మన ముందు ఎంతమందో. నాలుగేళ్ల ప్లాను వేసుకుని మూడో ఏట ఆగిపోతే నా చేతిలో ఏముంటుంది? రెండేళ్లదయితే పూర్తవుతుంది. పరీక్ష రాస్తాను. కార్డు ఆగినా చదివింది ఆగదు.

వదిన కాసేపు ఏమీ అనలేదు. నేను కాఫీ కలిపి ఇచ్చాను. రాత్రి డ్యూటీ చేసిన మనిషికి పొద్దున కాఫీ మంచిది కాదని ఆవిడే అంటుంది, ఆవిడే తాగుతుంది.

వదిన: ఒక మాటంటాను, బాధపడకు. తెనాల్లో మామయ్యగారిని కాంపౌండరు గారూ అని పిలిచేవాళ్లు. ముప్ఫై ఏళ్లు ఆ డాక్టరు గారి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. డాక్టరు గారు మేడ మీద మేడ కట్టారు. మామయ్యగారు అద్దె ఇంట్లోనే కన్నుమూశారు. నువ్వు సముద్రాలు దాటి వచ్చి మళ్లీ ఇంకో డాక్టరు గుమ్మం దగ్గర నిలబడతానంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నాన్న పని నాకు కళ్లకి కట్టినట్టుంది. స్కూలు వదలగానే అక్కడికే వెళ్లేదాన్ని. స్పిరిట్ వాసన, స్టవ్ మీద స్టెరిలైజర్లో మరుగుతున్న గాజు సిరంజీలు. పట్టకారుతో ఒక్కొక్కటీ పైకి తీసేవారు. మిక్స్చరు కలిపి సీసాలో పోసి, తెల్ల కాగితాన్ని రంపపు పళ్లలా కత్తిరించి జిగురుతో సీసాకి అంటించేవారు. ఒక్కో పన్నుకీ ఒక్కో మోతాదు. చదువురాని ముసలమ్మ కూడా వేలితో కొలిచి తాగేది. ఆ కాగితం కత్తిరించే పని నాకిచ్చేవారు. సైజు తేడా వస్తే ఆ కాగితం పక్కన పడేసి మళ్లీ కత్తిరించమనేవారు. ఆయనకి ఎవరూ పాఠం చెప్పలేదు. ఇంటర్ తప్పి, డాక్టరు గారి దగ్గర చేరి, చూసి నేర్చుకున్నారు.

నేను: నీకు తెలియని సంగతి ఒకటుంది వదినా. అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఒక నాలుగేళ్ల బాబుని తీసుకొచ్చారు, జ్వరంతో. పల్చటి పిల్లాడు. డాక్టరు గారు ఇంజెక్షన్ రాశారు. నాన్న పిరుదు మీద వేశారు. అప్పట్లో అందరూ అక్కడే వేసేవాళ్లు. వాడు తన్నుకున్నాడు. మూడో రోజు మళ్లీ తీసుకొచ్చారు. కుడి పాదం ముందుభాగం లేవట్లేదు. నడిస్తే చెప్పు నేలకి గీసుకుంటోంది. పోలియో అయ్యుంటుందన్నారు. ఊరంతా అదే అనుకుంది. నాన్న అనుకోలేదు. ఆ బాబు వాళ్లది గంగానమ్మపేట. ఆ తర్వాత నాన్న సైకిలు ఆ వీధిలోకి వెళ్లగా నేను చూడలేదు. చుట్టు తిరిగి వచ్చేవారు.

వదిన: సయాటిక్ నరం.

నేను: పోయిన నెల క్లాసులో ఇన్‌స్ట్రక్టర్ బొమ్మ మీద గీతలు గీసి చూపించింది. నడుం నుంచి కాలిలోకి దిగే ఆ నరం చిటికెన వేలంత లావు ఉంటుందని చెప్పింది. చిన్నపిల్లల పిరుదులో దాని మీద ఎంత పల్చటి కండ ఉంటుందో చూపించింది. అందుకే పసిపిల్లలకి తొడ బయటి వైపు, పెద్దవాళ్లకి భుజం మీద. సూది 90 డిగ్రీల్లో దిగాలి, భుజం ఎముక కొస నుంచి రెండు మూడు వేళ్ల కింద. పక్కవాళ్లు నోట్సు రాసుకుంటున్నారు. నేను లేచి బాత్రూంలోకి వెళ్లి నిలబడ్డాను. నాన్న చెయ్యి ఎంత తేలికో నీకు తెలుసుగా, పిల్లలకి సూది దిగినట్టు కూడా తెలిసేది కాదు. ఆయనకి ఎవరైనా ఒక్కరోజు ఆ బొమ్మ చూపించి ఉంటే! గుమ్మం దగ్గర నిలబడటం ఏమీ తప్పు కాదు వదినా. ఏమీ చెప్పకుండా నిలబెట్టారు ఆయన్ని, అదే తప్పు. ఈ రాష్ట్రంలో 2013 జులై నుంచి రాష్ట్ర ఆరోగ్య శాఖ కాగితం లేకుండా ఎవరూ మెడికల్ అసిస్టెంటుగా పనిచెయ్యకూడదు. సర్టిఫైడ్ అనిపించుకోవాలంటే శిక్షణ అయి ఉండాలి, పరీక్ష పాసవ్వాలి. నాకు చివర్లో క్లినిక్కులో 160 గంటలు ఒకరి కళ్ల ముందు చెయ్యాలి. నాన్నకి లేనిది అదే. నేను ఆ గుమ్మానికే వెళ్తాను, కానీ చదువుకుని వెళ్తాను.

నేను గెలిచాననుకున్నాను. వదిన కప్పు కింద పెట్టి కళ్లు తుడుచుకుంది. మామయ్యగారంటే ఆవిడకి ప్రాణం. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం నర్సు అడిగిందే.

వదిన: ఆ నరం నీకు ఎన్ని రోజులు చెప్పారు?

నేను: ఇంజెక్షన్ క్లాసులో ఒక పూట.

వదిన: అనాటమీలో?

నేను: మా అనాటమీ ఒకటే కోర్సు వదినా, వచ్చే క్వార్టర్‌లో. అయిదు క్రెడిట్లు. తల నుంచి పాదం దాకా పదకొండు వారాల్లో. నరాలకి వారం లోపే.

వదిన: నాకు అది రెండు క్వార్టర్లు, ల్యాబుతో. ఒక్కో నరమూ ఎక్కడ పుట్టి, ఎక్కడ చీలి, ఏ కండకి వెళ్తుందో మోడల్ మీద వేలు పెట్టి చెప్పాలి. పాదం పైకి లేపేది ఆ సయాటిక్ నరంలోంచి చీలిన పాయ. అది దెబ్బతింటే చెప్పు నేలకి గీసుకుంటుంది. ఆ చీలిక నీకు చెప్పారా?

నేను: లేదు.

వదిన: మరి మామయ్యగారి పేరు చెప్పుకుని నువ్వు చదవాల్సింది ఏది?

దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను తెచ్చిన కథతోనే నన్ను కట్టేసింది. కాలేజీ పెట్టిన కోర్సు చాలని నేను ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. పరీక్షకి చాలు కూడా. ఆ బాబు కాలికి చాలదు.

కానీ నర్సింగ్ మాట దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. దానికి ఇంకో కారణం ఉంది, అది వదినకీ తెలుసు.

నేను: 2023లో అమ్మ వచ్చినప్పటి సంగతి గుర్తుందా? పొద్దున్నుంచీ గ్యాస్ పట్టింది, గ్యాస్ పట్టింది అంటోంది. వాము నమిలింది, ఈనో తాగింది. మధ్యాహ్నం పట్టుబట్టి క్లినిక్కుకి తీసుకెళ్లాను. లోపల ఒక మెడికల్ అసిస్టెంటు, ఇరవై మూడేళ్లుంటాయి ఆ పిల్లకి. ఏంటి ఇబ్బంది అని అడిగింది. అమ్మ గ్యాస్ అంది. నేను కూడా అదే మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆ పిల్ల రాసుకోకుండా, ఎక్కడో చేత్తో చూపించమని అమ్మ వైపు చూసి సైగ చేసింది. అమ్మ పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టింది. తర్వాత దవడ మీద చెయ్యేసింది. ఆ పిల్ల ఇంకో ప్రశ్న అడగలేదు. బయటికి వెళ్లి నర్సుని పిలుచుకొచ్చింది. డాక్టరు చెప్పగానే తనే ఈసీజీ పెట్టింది. అమ్మ జాకెట్టు హుక్కులు తియ్యడానికి సిగ్గుపడుతుంటే, ముందు దుప్పటి కప్పి, తర్వాత నన్ను అడిగి తీసింది. పక్కటెముకల సందుల్ని వేళ్లతో లెక్క పెట్టుకుంటూ ఒక్కో ప్యాచ్ అంటించింది. అక్కణ్ణించి హాస్పిటల్‌కి పంపారు. నువ్వు వచ్చేసరికే స్టెంటు వేస్తున్నారు.

వదిన: గుర్తుంది. కానీ గుండెపోటని చెప్పింది ఆ పిల్ల కాదు కదా. చెప్పకూడదు కూడా. మెడికల్ అసిస్టెంటు ట్రయాజ్ చెయ్యకూడదు, రోగం నిర్ణయించకూడదు. ఆ నిర్ణయం చేసే చోట నువ్వుండాలని నా గొడవ.

నేను: చెప్పకూడదని తెలుసు కాబట్టే పరిగెత్తి నర్సుని పిలిచింది. తన పని ఎక్కడ ఆగుతుందో తెలిసి, అక్కడిదాకా ఒక్క అంగుళం తగ్గకుండా చేసింది. కూతుర్ని, నేను తప్పు చెప్పాను. గ్యాస్ అంటే మన ఇళ్లల్లో ఎన్ని అర్థాలో నాకు తెలిసి కూడా, కంగారులో ఒక్క మాటలో తేల్చేశాను. బాతెల్‌లో, సమామిష్‌లో వేసవి వస్తే ఎంతమంది అమ్మలూ అత్తయ్యలూ దిగుతారు! దడగా ఉందంటారు, కళ్లు తిరుగుతున్నాయంటారు, నీరసం అంటారు. వాళ్ల పక్కన కూతురో అల్లుడో కూర్చుని ఒక ముక్కలో చెప్పేస్తారు. అర్హతున్న ఇంటర్‌ప్రెటర్‌ని క్లినిక్కే పెట్టాలని రూలుంది, కానీ ఆ ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందు తలుపు దగ్గర ఎవరో ఒకరు గమనించాలి. నేను ఉండాలనుకుంటున్నది ఆ తలుపు దగ్గర.

వదిన: జీతం సగం తీసుకుని?

నేను: సగం తీసుకుని. ఇప్పుడు వచ్చేది సున్నా కదా వదినా. ఈ ఉద్యోగాలు 2034 నాటికి 12 శాతం పెరుగుతాయని నువ్వు చూపించిన కార్మిక శాఖే చెప్పింది. పని దొరక్క కూర్చోను.

అప్పటికి పదకొండయింది. వదినకి కళ్లు మూతలు పడుతున్నాయి. లాప్‌టాప్ తెరిచి వసంతం క్వార్టర్ రిజిస్ట్రేషన్ పేజీ నేనే తీశాను. ఆ అయిదు క్రెడిట్ల కోర్సు తీసేసి, ల్యాబున్న అనాటమీ మొదటి భాగం వెతికాను. మంగళ, గురువారాలు సాయంత్రం ఆరు నుంచి. ఇది పెట్టుకుంటే నా డిగ్రీ ఒక క్వార్టర్ వెనక్కి వెళ్తుంది. ఆ క్వార్టర్ ఫీజు ఎక్కువ. మా ఆయనతో మాట్లాడాలి.

వదిన: ఆ రెండు రోజులూ నాకు డ్యూటీ వెయ్యొద్దని అడుగుతాను. పాప మా ఇంట్లో అన్నం తింటుంది.

నేను: నర్సింగ్ కోసం కాదు వదినా ఇది.

వదిన: నేనేమన్నా అన్నానా?

నేను: రేపు అంటావు.

వదిన: రేపు అంటాను. ఇవాళ మాత్రం ఇంకో సంగతి. గురువారం నీ చెక్‌ఆఫ్ పోతుంది.

నేను: ఎందుకు? కఫ్ సైజు సరిపోయింది, చెయ్యి గుండె ఎత్తులో ఉంది, గాలి నెమ్మదిగా వదిలాను. 132 మీద 84, నువ్వే బాగుందన్నావు.

వదిన: నువ్వు నా పేరూ పుట్టిన తేదీ అడగలేదు. చేతులు కడుక్కోలేదు. వదిన కదా అని నేరుగా కఫ్ చుట్టేశావు. అక్కడ ఎవరూ వదిన కాదు.

లేచి సింకు దగ్గరికి వెళ్లాను. ఇరవై సెకన్లు సబ్బుతో రుద్దుకుని, తుడుచుకుని, కుర్చీ ఎదురుగా వచ్చి నిలబడ్డాను. వదిన వీపు ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టి కూర్చుంది.

"మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి."

చెప్పింది.